నాలుగు నిమిషాల పాట

"ఏమయ్యా, ఆ చక్రాలు కాసేపు ఆపలేవా?" గోడౌను గుమ్మంలోంచి ఫణికిరణ్ కేకేశాడు.

చెరువుగట్టు మీద లుంగీ ఎగ్గట్టుకుని మేత చల్లుతున్న పెద్దాయన తలెత్తాడు.

"ఆపకూడదండి బాబూ. మూడ్రోజుల్నించీ మబ్బు కదండీ, గాలి కూడా లేదు. చక్రాలు నీళ్లు చిలక్కపోతే రొయ్యకి ఊపిరాడదండి."

"పోనీ మీ ఓనరుని అడుగు."

"ఆయన్నడిగినా ఇదే అంటారండి," అని నవ్వాడు పెద్దాయన.

ఫణికిరణ్ తలుపు దడాలున వేశాడు.

"కాపలావాడికి కూడా ఎంత పెత్తనమో!"

ముదినేపల్లి దాటాక రొయ్యల చెరువుల మధ్య ఉందా పాత మేత గోడౌను. ఏలూరు పిల్లలు ముగ్గురు అందులో చేరి రాక్ పాట కట్టారు. బ్యాండు పేరు కిక్కిస, అంటే నీళ్లలో పెరిగే రెల్లుగడ్డి. మానస పాడుతుంది, ఫణికిరణ్ గిటారు, ఆనంద్ పాల్ డ్రమ్ములు. ఊళ్లో వాయిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరని ఇంత దూరం వచ్చిపడ్డారు. ఇక్కడ చూస్తే రొయ్యలతో గొడవ!

పాట పేరు 'నిలవనీరు'. ఏ సినిమా కోసమూ కాదు, రాయమని ఎవరూ బతిమాలలేదు. సొంతంగా విడుదల చెయ్యబోతున్న మొదటి పాట. మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయి, అరనిమిషం మానస గొంతొక్కటే వినబడాలి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి గోడ అవతలి చక్రాల చప్పుడు. మూడు వారాలుగా ఇదే వరస.

ఆ సాయంత్రమే ఆనంద్ పాల్ బెంగుళూరు రైలెక్కాలి. ఉద్యోగం వచ్చింది మరి. ఈ పూట కుదరకపోతే పాట లేదు, బ్యాండూ లేదు.

మానస తనే గట్టు మీదికి వెళ్లింది.

"ఏవండీ, మీ పేరేంటండీ?"

"ఎలీషా అంటారమ్మా."

"ఎలీషాగారూ, ఈ ఒక్క పూటేనండీ. మళ్లీ మిమ్మల్ని విసిగించం."

"పాట ఎంతసేపుంటదమ్మా?"

"నాలుగు నిమిషాలండీ."

ఆయన మబ్బు వంక చూశాడు. నీళ్ల వంక చూశాడు.

"నాలుగు నిమిషాలేగా, కానివ్వండి. అవ్వగానే ఓ కేకెయ్యండమ్మా."

చక్రాలు ఆగాయి. అబ్బ, ఎంత హాయి!

మొదటిసారి గిటారు తీగ తెగింది. రెండోసారి మానసకి దగ్గొచ్చింది. మూడోసారి బాగానే వచ్చింది గానీ, "ఇంకొక్కసారి" అన్నాడు ఆనంద్ పాల్. ఇంకొక్కసారి అన్నమాటకి అంతెక్కడుంటుంది?

పద్నాలుగోసారికి కుదిరింది. ముగ్గురూ చంకలు గుద్దుకున్నారు. తీరా టైము చూస్తే రైలు ముంచుకొచ్చేసింది. సామాను కారులో పడేసి ఏలూరు స్టేషనుకి పరుగు తీశారు.

నెలన్నర తర్వాత పాట విడుదలైంది.

మొదటి వారం స్నేహితులూ చుట్టాలూ విన్నారు. "ఏంటే తల్లీ ఈ గోల" అంది మానస వాళ్లమ్మ.

రెండో వారం, పాటల గురించి రాసే హైదరాబాదు ఆయనెవరో మెచ్చుకున్నాడు. "పాటంతా ఒక ఎత్తు, మధ్యలో ఆ అరనిమిషం నిశ్శబ్దం ఒక ఎత్తు" అన్నాడు. ఇంకేముంది! వేలమంది విన్నారు. వేలు లక్షలయ్యాయి.

మానసకి మాత్రం ఏమీ అనిపించలేదు. సంతోషం రావాలి కదా, రాలేదు. అన్నం తింటూ ఆ మెచ్చుకోళ్లు చదివేది, ఫోను పక్కన పెట్టి మజ్జిగ పోసుకునేది. ఎవరి పాటనో ఎవరో పొగుడుతున్నట్టుండేది.

అందరూ నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటుంటే ఒకరోజు ఎలీషా గుర్తొచ్చాడు. ఆయనకి పాట వినిపిద్దామని ముదినేపల్లి బస్సెక్కింది.

చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది. చక్రాల్లేవు. పక్క చెరువు రైతు వెంకట్రాజు గట్టు మీద మేత బస్తా దింపుకుంటున్నాడు.

"ఎలీషాగారు లేరాండీ?"

"ఇంకెక్కడ ఎలీషా అమ్మా! మబ్బు పట్టిన రోజున రెండు గంటలు చక్రాలాపేశాడు. రేపో మాపో పట్టాల్సిన రొయ్య, మొత్తం గంగపాలైపోయింది."

మానస ఎండిన చెరువు వంక చూసింది.

"మళ్లీ వెయ్యలేదేమండీ?"

"నేనూ అదే అడిగాను. పిల్లల పాట ఇంకా అవ్వలేదు, అయితే కేకేస్తామన్నారు, మధ్యలో వేస్తే పాడైపోద్ది కదా అన్నాడు. ఇదిగో అయిపోద్ది, అదిగో అయిపోద్ది అనుకుంటా కూర్చున్నాడు. వాళ్ల కారు వెళ్లిపోవడం చూశాక వేశాడు. రొయ్య పైకి తేలేదాకా తెలీదు, తేలాక చేసేదేం లేదమ్మా. పిచ్చిమారాజు!"

కేక వెయ్యాల్సింది తనే. ఆ మాటే మర్చిపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కనీసం ఏడుపొచ్చినా బాగుండును, అదీ రాలేదు. ఆఖరికి అడిగింది.

"పాపం, ఓనరుగారు ఆయన్ని పనిలోంచి తీసేశారాండీ?"

వెంకట్రాజు ఆమె వంక వింతగా చూశాడు.

"ఓనరెవరమ్మా, ఆ చెరువు ఎలీషాదే, ఇప్పుడు ఆకివీడు అవతల ఎవరిదో చెరువుకి కాపలా ఉంటున్నాడు."