మస్కట్ మధ్యవర్తులు

కాలువకు అడ్డం వేసిన మట్టిని రాజమౌళి పారతో తీయబోయాడు. అమర్‌సింగ్ వచ్చి ఆ మట్టి మీదే కూర్చున్నాడు.

"లెవ్వు అమర్‌సింగూ. నా వరి పొట్ట మీదున్నది. ఇంక రెండు దినాలు తడి లేకుంటే గడ్డే."

"నాది గూడ పొట్ట మీదనే ఉన్నది రాజమౌళన్నా. నీ వరికే దూపైతదా?"

అది ఇద్దరూ కలిసి వేయించుకున్న బోరు. ఈ యాసంగిలో నీళ్ళు సన్నగిల్లి, ఒకేసారి రెండు పొలాలకూ పారడం లేదు. నర్మెట్ట నుంచి పెద్దమనుషులు వచ్చారు. కోడికూర తిన్నారు. ఇద్దరూ శాంతంగా ఉండాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానాన్ని ఇద్దరూ మెచ్చుకున్నారు. నీళ్ళు మాత్రం ఎవరూ వదల్లేదు.

ఇంతలో రాజమౌళి భార్య కట్టమ్మ ఫోన్ పట్టుకుని గట్టు మీద పరుగున వచ్చింది. మస్కట్ నుంచి వీడియో కాల్. ఆమె కొడుకు శ్రావణ్, అమర్‌సింగ్ కొడుకు జగన్ అక్కడ ఒకే గదిలో ఉంటారు. వాళ్ళ వెనక మరో ఇద్దరు కనిపించారు.

"బాపూ, గీయన అస్లం భాయ్, పాకిస్తాన్. గీయన రఫీక్ భాయ్, బంగ్లాదేశ్. మీ పంచాయితీ వీళ్ళు తెంపుతరట," అన్నాడు శ్రావణ్.

"మన బోరు సంగతి పాకిస్తానోళ్ళు చెప్పుడేంది?" అన్నాడు రాజమౌళి.

"గదే కదా," అన్నాడు అమర్‌సింగ్. ఈ మధ్యకాలంలో ఇద్దరికీ కుదిరిన మొదటి మాట ఇదే.

అస్లం ఉర్దూలో మొదలుపెట్టాడు. రాజమౌళికి సగం అర్థమైంది. మిగతాది జగన్ చెప్పాడు. "వాళ్ళ ఊర్ల కాలువ నీళ్ళు వంతుల మీద పారిస్తరంట. పగలు ఒకలు, రాత్రి ఒకలు. వారం కాంగనే మారాలె."

"రాత్రి పొలంకాడికి ఎట్ల పోవుడు? పాములుంటయ్," అన్నాడు అమర్‌సింగ్.

ఈసారి రఫీక్ నవ్వి ఏదో అన్నాడు.

"ఇద్దరు కలిసి పొమ్మంటుండు," అన్నాడు జగన్.

ఇంత చిన్న మాట తమకు తట్టనందుకు రాజమౌళికి సిగ్గేసింది. అమర్‌సింగ్ లేచి తనే ఆ మట్టి తీసి పక్కన పోశాడు. నీళ్ళు రాజమౌళి మడిలోకి దూకాయి. కట్టమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత రాజమౌళి కనిపించినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. "దేశాలు దేశాలు కలిస్తే తెగని పంచాయితీ ఉండదు." అమర్‌సింగ్ పక్కనే నిలబడి తలూపేవాడు.

కొన్నాళ్ళకు శ్రావణ్ మళ్ళీ వీడియో కాల్ చేశాడు.

"బాపూ, అస్లం భాయ్, రఫీక్ భాయ్ మాట్లాడుకుంటలేరు. ఏసీ కాడ లొల్లి. అస్లం భాయ్ సల్లగ కావాలంటడు, రఫీక్ భాయ్ బంద్ పెట్టుమంటడు. మీ లొల్లి తెంపినోళ్ళు కదా, జర మీరు గూడ వాళ్ళకు చెప్పుండ్రి."

ఇద్దరూ గట్టు మీద తువ్వాలలు పరిచి పెద్దమనుషుల్లా కూర్చున్నారు. ఇద్దరిళ్ళలోనూ ఏసీ లేదు. అయినా ఇంత గౌరవం దక్కాక వెనకాడితే బాగుండదు.

"దినమంత ఎండల క్రేన్ నడిపినోడు అస్లం. ఆయనకు సల్లగ ఉండాలె," అన్నాడు రాజమౌళి.

"అదెట్లనే అన్నా? రఫీక్ సర్ది పట్టి పడుకుంటె నలుగురికి వండేదెవరు?" అన్నాడు అమర్‌సింగ్.

"వండుడు గూడ ఒక పనేనా?"

"క్రేన్ నడుపుడు పనా? కూసునే కదా నడిపేది."

"నీకు మొదటి నుంచి రఫీక్ మీదనే పావురం, ఆయన్నే ఎనకేసుకొస్తవ్."

"నీకు అస్లం మీద లేదా?"

మస్కట్ గదిలో నలుగురూ కళ్ళప్పగించి చూస్తున్నారు. కట్టమ్మ ఫోన్ లాక్కుని పక్కకు వచ్చింది.

"ఏసీ సంగతి తర్వాత జూద్దాం గని కొడుకా, అస్లంను, రఫీక్‌ను ఏడికి పోనియ్యకు. ఈడ కాలువకు మళ్ళ మట్టి అడ్డం వడ్డది, నీళ్ళు బందైనయ్."