కింది మెట్టు

"నీడ ఏది, కాకా?"

మగ్గం మీద ముప్పావు వంతు నేసిన వాల్ హ్యాంగింగ్‌ను చూసి ఉష అడిగింది. తెల్లటి ఇళ్లు, వెనక నీలి సముద్రం, మెట్ల మీద నవ్వుతూ తను. ఆమె ఇచ్చిన ఫొటోలో అంతవరకు ఉన్నవన్నీ వచ్చాయి, కింది మెట్టు మీద పడ్డ నల్లటి నీడ తప్ప.

"ఫొటో తీసినోళ్ల నీడ గద బిడ్డా! మంచిగ కనవడ్తలేదని తీసేసిన. ఇప్పుడెంత సాఫ్ ఉందో చూడు," అన్నాడు సాయిలు. దాజీ పేట్‌లో బొమ్మలు నేసే మగ్గం ఇప్పుడు అతనిదొక్కటే.

"అది అజయ్‌ది."

సాయిలు చెయ్యి ఆగింది. ఉష భర్త అజయ్ చనిపోయి ఏడాది కాలేదు.

"గ్రీస్‌ల ఆ దీవికి పొద్దుగాల పడవల పోయి, పొద్దుమీకి వచ్చినం కాకా. దినమంత నన్నే తీసిండు. ఇటియ్యి, నీది తీస్త అంటే ఇనలే. ఆడి ఫొటోలల్ల ఆయనది ఈ నీడొక్కటే ఉంది."

ఆమె వేలు ఖాళీ మెట్టు మీదే ఉంది.

"అడుగున నీడ పెట్టాల్నంటే, పైనుంచి అంత విప్పాలె బిడ్డా. నువ్వు సుత పోతవ్."

"పోనీ."

సాయిలు పోగు లాగాడు. ముందు సముద్రం పోయింది, తర్వాత ఆమె నవ్వు. ఊడొచ్చిన దారాన్ని ఉష ఉండ చుడుతూ కూర్చుంది. కింది మెట్టు దాకా విప్పాక అతను నల్ల దారం అందుకున్నాడు.

"ఫొటోల లెక్కనే నీడను ఈ మెట్టు కాడ ఆపాల్నా?"

ఉష దారం ఉండను ఒళ్లో పెట్టుకుంది.

"నా పక్కదాంక రానియ్యి, కాకా."