తోడికోడలి నల్లద్దాలు

చుక్క కంట్లో పడలేదు. పెద్దకోడలి చెంప మీద పడి చెవి దాకా జారింది.

"మళ్ళీ పోయిందా?" అంది అత్త. "దాని కన్ను బాగయిందని నువ్వు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావే. నాకు తెలీదనుకోకు."

చిన్నకోడలు మందుసీసా బల్ల మీద పెట్టేసింది. కావాలని చెయ్యలేదు. కానీ అత్త అన్నదాంట్లో సగం నిజమే.

ఆపరేషన్ అయి వచ్చిన దగ్గర్నుంచి పెద్దకోడలు మంచం దిగడం లేదు. పొయ్యి దగ్గరికి రానివ్వరు. వంగనివ్వరు. వీధిలోవాళ్ళు వరసపెట్టి వచ్చి చూసిపోతున్నారు. బావగారు చెయ్యి పట్టుకుని గుమ్మం దాటిస్తున్నాడు. ఆఖరికి తన మొగుడు కూడా వదినకని పళ్ళు తెచ్చి, ఒలిచి మరీ చేతికిచ్చాడు. తనకి ఏనాడూ ఒక్క తొన ఒలిచిపెట్టిన పాపాన పోలేదు. అన్నిటికీ మించి ఆ నల్లద్దాలు. అవి పెట్టుకుని గోడకానుకుని కూర్చుంటే పెద్దకోడలు గిన్నెలు తోమే మనిషిలా లేదు. ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి అలిసొచ్చిన మనిషిలా ఉంది.

"నాకూ మసకేస్తోంది అత్తయ్యా" అంది చిన్నకోడలు.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది. చెప్పలేదంతే."

మంచం మీంచి పెద్దకోడలు నవ్వింది. "మొన్నేగా నా తలలో పేలని ఈపులతో సహా ఏరిపెట్టావు. మసకలోనే ఏరావా చెల్లీ?"

"నీకేం అక్కా, నవ్వుతావు. ఆస్పత్రి బండిలో ఇంటికొకరికే చోటన్నారు. పెద్దదానివని నువ్వెక్కావు. ఆ బండి మళ్ళీ ఇటు ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు."

"కళ్ళు బాగున్నదానికి బండెందుకే" అంది అత్త.

పెద్దకోడలి కన్ను మళ్ళీ చూపించాల్సిన రోజు చిన్నకోడలు తోడు వెళ్ళింది. బస్సులు మారి ఆస్పత్రికి చేరేసరికి ఎండెక్కింది. ఏం చెయ్యాలో దారిలోనే తేల్చుకుంది. నర్సు పెద్దకోడలిని చూసి లేపగానే, పిలవకుండానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

"నాకూ చూడండమ్మా."

"ఇవాళ ఆపరేషన్ అయినవాళ్ళకేనమ్మా. తోడొచ్చినవాళ్ళకి లేదు."

"ఇంకోసారి రావాలంటే మా ఇంట్లో పంపరు. కాస్త పుణ్యం కట్టుకోండి."

నర్సు ఎదురుగోడ వైపు పుల్ల చూపించింది. చదువురానివాళ్ళ కోసం పెట్టిన పటం అది. దాని నిండా మూడుకాళ్ళ గుర్తులు, వరస దిగేకొద్దీ చిన్నవవుతూ. కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. నర్సు ఒక అట్టతో చిన్నకోడలి ఎడమకన్ను మూసింది.

అన్నీ కనిపిస్తున్నాయి. అడుగు వరసలో చీమల్లాంటివి కూడా. చిన్నకోడలు, కాళ్ళు పైకుంటే కిందికి చూపించింది. కుడికుంటే ఎడమకి. ఎక్కడా తడబడలేదు.

నర్సు పుల్ల దించేసింది. "నిజంగా కనపడక చూపించేవాళ్ళకి పొరపాటునైనా ఒకటో రెండో సరిగ్గా తగులుతాయమ్మా. నీకు ఒక్కటీ తగల్లేదు. అన్నీ చూసి చూసి తిరగేశావు."

బెంచీ మీదవాళ్ళంతా నవ్వారు. పెద్దకోడలు నల్లద్దాలు పైకెత్తి మరీ నవ్వింది. "మా చెల్లిది డేగ చూపండీ. ఈ అద్దాల మీద మోజు, అంతే."

చిన్నకోడలి మొహం మాడిపోయింది. ఇల్లు చేరగానే ఇది అత్త చెవిన పడుతుంది, అక్కణ్ణుంచి వీధంతా పాకుతుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేవబోయింది.

"కూర్చో. రెండోది కూడా చూసి పంపేస్తా" అంటూ నర్సు అట్టని కుడికంటి మీదికి మార్చింది. "ఈసారన్నా నిజం చెప్పు."

బార్లా తెరిచిన కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా పటం మీద పడుతోంది.

చిన్నకోడలు ఏమీ చూపించలేదు. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నిజమే చెప్తానమ్మా" అంది. "ముందు ఎవరో మూసిన ఆ కిటికీ తెరవమనండి."