తోమని పక్క

"ఎడమ పక్కకి అసలు బ్రష్షే తగిలినట్టు లేదే!" లేజర్ పెట్టేముందు కుర్చీలోని అమ్మాయి కళ్ళకు నల్లద్దాలు తొడుగుతూ అంది పళ్ళ డాక్టరు.

"ఒట్టి బద్ధకం డాక్టరుగారూ! ఓ పాపకి తల్లయినా మారలేదు. చిన్నప్పట్నుంచీ చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయింది," అంది పక్కనే నిలబడ్డ తల్లి.

"రక్తం వచ్చేచోట బ్రష్ పెట్టొద్దు, మానేదాకా ఆగమన్నది నువ్వేగా అమ్మా," అంది కూతురు. "అది మానలేదు. నేనూ ఆగుతూనే ఉన్నాను."



"అలా వదిలేయబట్టే చిగుళ్ళ జబ్బు ఇంత ముదిరింది," అంది డాక్టరు. "లోపలి చీమూ చెడూ లేజర్‌తో తీసేస్తాను. కరిగిపోయిన ఎముకని మాత్రం తెచ్చిపెట్టలేను."

తల్లి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అల్లుడుగారూ! నెత్తురొస్తోందని పొద్దున పాప చేతిలో బ్రష్ లాక్కున్నాను. ఇచ్చెయ్యండి. ఆ పక్కే ముందు తోమించండి."