బ్యాటరీ తీసేసిన కారు

సింగపూర్‌లో చోవా చూ కాంగ్ అవతల పాతకార్లు విప్పే యార్డులో ఆ రాత్రి దానయ్య ఒక్కడే ఉన్నాడు. మూలనున్న కారు వైపరు కిర్రు కిర్రుమని ఊగుతోంది. దాని బ్యాటరీ సాయంత్రం తనే ఊడదీశాడు.

"యాకూబన్నా, బ్యాటరీ లేని బండికి వైపరు ఆడుతుంది!" అన్నాడు, గదిలో ఉన్న తోటి పనివాడికి ఫోన్ చేసి.

"తాగినావురా? పండుకో లా!" అన్నాడు యాకూబు, చివర్లో సింగపూర్ యాస తగిలించి.

ఫోన్ జేబులో పెట్టి దగ్గరికెళ్లాడు. ఆయిల్ దించడానికి కారు కింద పెట్టి మరిచిన డబ్బా నిండి, ఇంజిన్ ఆయిల్ పొర్లి వానకాలువ వైపు పాకుతోంది. కాలువలో కలిసిందా, వర్క్ పర్మిట్ రద్దయి తెల్లారి ఇంటికే.

దానయ్య బోర్లాపడి చేతులు అడ్డం పెట్టాడు. ఆయిల్ కారే బోల్టు బిగించి, రంపపు పొట్టు పోసి, నేలంతా తుడిచాడు.

"చుక్క గూడ పోనియ్యలేదన్నా!" అని మళ్లీ ఫోన్ చేసి ఆకాశం దద్దరిల్లేలా అరిచాడు.

హెచ్చరించే పని అయిపోయినట్టు వైపరు ఆగింది. బ్యాటరీల్లేని నలభై కార్లకు ఒక్కసారిగా హెడ్‌లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో దానయ్య పెళ్లికొడుకులా నిలబడ్డాడు.