వానకు కాగిన నీళ్లు

మధ్యాహ్నం వాన దంచికొట్టడం మొదలవగానే సత్తెమ్మ పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి, గుప్పెడు వేపాకు వేసి పొయ్యి మీద పెట్టింది.

"ఇప్పుడు నీళ్లెందుకే?" అన్నాడు మొగుడు బాలనర్సు, మంచం దిగకుండానే.

ఇప్పుడు ఆ నీళ్ల అవసరం లేదని అప్పుడు గానీ ఆమెకు గుర్తుకు రాలేదు. ఒకప్పుడు వాన పడిందంటే చాలు, మ్యాన్‌హోల్‌లో దిగమని ఆయనకు పిలుపొచ్చేది. తిరిగొచ్చాక ఆ వేపాకు నీళ్లతో వాకిట్లోనే ఒంటికంటిన నల్లటి మురుగు కడుక్కుని గానీ గడప తొక్కేవాడు కాదు. ఆయనతో పాటు దిగిన సత్తెమ్మ తమ్ముడు ఒకసారి తిరిగి రానేలేదు. ఇప్పుడు నగరంలో ఏ మ్యాన్‌హోల్‌లోకీ మనిషి దిగడు. మూతల కింది సెన్సర్లే మట్టం చూసుకుని, నిండిన పైపులోని నీళ్లను ఖాళీ పైపులోకి మళ్లిస్తాయి.

"చేతికి అలవాటైంది, ఏం జెయ్యాలె. ఎట్లాగూ కాగినయ్ గద, తానం జెయ్యి," అంది సత్తెమ్మ.

ఆయన తువ్వాలు అందుకునే లోపే గోడ మీది హెచ్చరికల పెట్టె పలికింది. "మీ వీధి పైపు నిండుతోంది. అరగంట సేపు మోరీలోకి నీళ్లు వదలకండి."

బాలనర్సు మళ్లీ మంచం మీద చతికిలబడి నవ్వాడు. "అప్పుడు వానొస్తె దిగుమనేటోళ్లు. ఇప్పుడు కూసోమంటున్నరు."

అరగంటకు పెట్టె సరేనంది. బయట వాన తగ్గనే లేదు. సత్తెమ్మ ఆయన వీపు మీద చెంబుడు నీళ్లు పోసి, జారే నీళ్లకేసి వంగి చూసింది. వేపాకు వాసనతో, పోసినవి పోసినట్టే తేటగా మోరీలోకి పోతున్నాయి.