చివరి నలభై సెకన్లు

"ఆ చివరి నలభై సెకన్లూ కోసెయ్," అన్నాడు కర్టిస్, గుమ్మంలో అడుగుపెడుతూనే.

లోయిస్ తలెత్తలేదు. భోజనాల బల్ల నిండా అట్టలు పరుచుకుని రికార్డు కవర్లు మడిచి జిగురు పెడుతోంది. 1986లో వాషింగ్టన్‌లో పంక్ అనే అరుపుల పాటలు కట్టే కుర్రకారుని పెద్ద రికార్డు కంపెనీలు గుమ్మం తొక్కనిచ్చేవి కావు. వాళ్ల పాటల్ని లోయిస్ లాంటివాళ్లే ఇళ్ల నుంచి రికార్డులుగా బయటికి తెచ్చేవాళ్లు. ఎదురుగా కూర్చుని కత్తెరతో అట్టలు కోస్తున్నవాడు ప్రెస్టన్. పాట అతనిదే. టేపు రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతుంది. పోయిందంటే ఇక ఆ నలభై సెకన్లూ వెయ్యి రికార్డుల్లో అచ్చయిపోతాయి, ఎవరూ తుడపలేరు.

ప్రెస్టన్ పలకరింపుగా తలూపాడు. కర్టిస్ చూడనట్టే నిలబడ్డాడు. ఇద్దరూ పదేళ్ల వయసు నుంచీ ఒకే వీధిలో స్కేట్‌బోర్డులు విరగ్గొట్టుకున్నవాళ్లు. మూడు నెలలుగా మాటల్లేవు.

గొడవంతా ఒక ఏడుపు గురించి.

ఏప్రిల్లో ఒక చర్చి కింది గదిలో ప్రెస్టన్ బృందం పాడింది. వేదిక లేదు. గదికంతా ఒకటే బల్బు. రెండొందలమంది ఒకరి మీద ఒకరు పడి, పాడేవాడెవడో వినేవాడెవడో తెలియని గుంపు. లోయిస్ మెట్ల మీద కూర్చుని పాటని టేపులోకి ఎక్కించింది. అంతవరకూ అరుపుగా సాగిన పాట ఆఖరి చరణంలో ఉన్నట్టుండి గొంతు పగిలి ఆగిపోయింది. తర్వాత వినపడిందల్లా వెక్కివెక్కి ఏడుపు. గిటార్లు ఆగాక కూడా అది ఆగలేదు.

ఆ టేపుకి నకళ్లు పుట్టాయి. ఊరు రెండుగా చీలింది. అరిచి కుమ్ముకోవడమే తెలిసిన పాటలోకి ఇన్నాళ్లకి మనిషి వచ్చాడని కొందరు నెత్తిన పెట్టుకున్నారు. ఇది పంక్ కాదు, ముక్కు చీదుకోవడమని మిగిలినవాళ్లు ఎగతాళి చేశారు. ఇలాంటి ఏడుపు పాటలకి వాళ్లు 'ఎమోషనల్'ని కత్తిరించి 'ఎమో' అని పేరుపెట్టారు, వాళ్ల నోట అది బూతుతో సమానం.

ఎగతాళి చేసినవాళ్లకి నాయకుడు కర్టిస్. తను జిరాక్స్ తీసి పంచే పత్రికలో రెండు పేజీల నిండా నిప్పులు చెరిగాడు. ప్రెస్టన్ పేరు పెట్టి మరీ రాశాడు. ఈసారి పాలపీక నోట్లో పెట్టుకుని పాడమన్నాడు. ఆ తర్వాత ప్రెస్టన్ ఎక్కడ పాడినా మీద పాలపీకలు వచ్చి పడ్డాయి. అవమానం భరించలేక మొన్న శనివారం డ్రమ్మర్ మానేశాడు. ఇంత జరిగినా ప్రెస్టన్ పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనం చూస్తేనే కర్టిస్‌కి ఒళ్లు మండేది.

"మనం ఈ పాటలు దేనికి మొదలుపెట్టాం, లోయిస్?" అన్నాడిప్పుడు. "ఈ ఊళ్లో సూటు వేసుకున్న ప్రతివాడూ అబద్ధమాడుతుంటే, నిజం వాళ్ల మొహాన అరవడానికి. ఏడుపొస్తే ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసుకుని ఏడవాలి. అందరిలో ఏడవడం సిగ్గులేనితనం."

"ఆ టేపులో నాకు వినపడిన నిజం అదొక్కటేరా," అంది లోయిస్.

కర్టిస్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. అట్టలు నేలపాలయ్యాయి. లోయిస్‌కీ ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఉక్కలో పొద్దుటినుంచీ మడిచిన కవర్లవి. నీ పత్రిక నీ ఇష్టం, నా రికార్డు నా ఇష్టం, బయటికి నడవమంది. నడిచేముందు ఒక్కటి గుర్తుంచుకోమంది. ఆ పాట రాసింది టెడ్డీ మీద. మార్చిలో నదిలో మునిగిపోయిన టెడ్డీ మీద. నీ సొంత తమ్ముడి మీద పాట కడితే పాలపీకలు వేయిస్తావా అని కడిగేసింది.

కర్టిస్ మొహం కందగడ్డయింది.

"తమ్ముణ్ణి పూడ్చిన రోజు నేను ఏడ్చానా? అమ్మ సొమ్మసిల్లితే పట్టుకున్నది నేను. శవపేటిక మోసింది నేను. మా నాన్న అందరికీ నన్ను చూపించి, వీడే మగాడంటే అన్నాడు. రేపు ఆ రికార్డు మా నాన్న వింటాడు. తెలుస్తోందా నీకు? మా నాన్న విం..."

చివరి మాట సగంలోనే తెగింది. ప్రెస్టన్ కత్తెర కింద పెట్టేశాడు.

లోయిస్‌కి జాలి కలిగింది గానీ, జాలిపడి పాట గొంతు కోసే మనిషి కాదామె. సొరుగు లాగి, టేపు కోసే బ్లేడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏడ్చింది నేనూ కాదు, నువ్వూ కాదు. మనకెందుకీ పెత్తనం? ఏడ్చినవాడు కొయ్యమంటే ఈ నిమిషంలో కోసేస్తా. వాడి ఏడుపు, వాడిష్టం."

కర్టిస్ గుమ్మం వైపు తిరిగాడు. వెళ్లిపోలేదు మాత్రం.

ప్రెస్టన్ లేచాడు. బ్లేడు తీసుకుని, పడిన అట్టలు తొక్కకుండా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, దాన్ని కర్టిస్ అరచేతిలో పెట్టాడు.

"నీ ఇష్టంరా," అన్నాడు, "ఆ రోజు ఆఖరి చరణం టెడ్డీ వాళ్లన్నే పాడాలని మైకు నీ చేతికిచ్చేశాక, ఆ నలభై సెకన్లలో నా గొంతే లేదు కదా."